మా భీమిలి సినిమా

మాస్టారి పన్నెండో రోజు కార్యక్రమం ముగిసి చుట్టాలంతా వెళ్ళిపోయాక, వాళ్ళ కోడలు నన్ను కాసేపు ఆగమంది. "బాబాయిగారూ, మేడమీద గదిలో మావయ్యగారి సినిమా డబ్బాలున్నాయి. తలుపు తీస్తే చాలు, ఏదో పులిసిపోయిన కంపు. పిల్లలు ఆ గదిలోకి అడుగే పెట్టం అంటున్నారు. పారేద్దామంటే చేతులు రావడం లేదు. మీరే ఏదో ఒకటి చెప్పండి" అంది.

పైకి వెళ్ళాను. కిటికీ పక్కన, పాత సెల్ఫు కింద, తుప్పు పట్టిన పదకొండు రేకు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైదాని మూతను రూపాయి బిళ్ళతో నాలుగు వైపులా లేపి తీసేసరికి కళ్ళు మండేంత ఘాటుగా వెనిగర్ వాసన ముఖానికి కొట్టింది. ఎసిటేట్‌తో చేసిన పాత ఫిల్ము వేడికీ తేమకీ విరిగిపోతూ వదిలే ఆమ్లపు వాసన అది. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకు కూడా పాకుతుంది. లోపలి రీలు ముడుచుకుపోయి, అంచులు అలలు తిరిగి, ఎండిన తాటాకులా ఉంది. దాన్ని ఏ యంత్రం మీదా తిప్పలేరని చూడగానే అర్థమైంది. అయినా చాలాసేపు ఆ గదిలోనే కూర్చున్నాను. ఆ వాసన వెనక నాకు ఎండు నెత్తళ్ళ వాసన, సరుగుడు ఆకుల వాసన, తడిసిన వలల వాసన వరుసగా వచ్చాయి. నా ఇరవయ్యో ఏట నలభై రోజులపాటు పనిచేసిన సినిమా ఆ డబ్బాల్లో ఉంది.

*

దానికి పేరు లేదు. క్లాప్ బోర్డు మీద 'ప్రొడక్షన్ నెం. 1' అని సుద్దముక్కతో నేనే రాసేవాణ్ణి. పేరు తరువాత పెడదామని మాస్టారు అనేవారు. సెన్సారుకు పంపేటప్పుడు ఏదో ఒక పేరు పెట్టారు గాని, అది ఎవరి నోటా నిలవలేదు. పనిచేసిన పద్నాలుగు మందిమీ చివరి దాకా దాన్ని 'భీమిలి సినిమా' అనే పిలుచుకున్నాము.

మాస్టారు విజయనగరంలో ఒక కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఫిల్మ్ సొసైటీలో పదహారు ఎమ్మెమ్ ప్రింట్లు తెప్పించి, గోడకు తెల్లదుప్పటి కట్టి, బెంగాలీ సినిమాలూ మలయాళం సినిమాలూ వేసేవారు. ప్రొజెక్టరు తిప్పే పని నాది. అలా మొదలైన పరిచయం. ఆయన పేరిట ఉన్న ఎకరంన్నర మామిడితోట అమ్మేసి సినిమా తీస్తున్నారని తెలిసినప్పుడు ఊళ్ళో అందరూ ఆయనకు మతి చలించిందనుకున్నారు. నేను మాత్రం డిగ్రీ చివరి సంవత్సరం మానేసి ఆయన వెంట వెళ్ళాను.

కథ చాలా చిన్నది. ఇంటరు తప్పిన ఒక కుర్రవాణ్ణి వాళ్ళ నాన్న భీమునిపట్నంలో ఉన్న అమ్మమ్మ ఇంట్లో వదిలేసి వెళతాడు. ఎవరితోనూ మాట్లాడడు, రాత్రుళ్ళు నిద్రపోడు, ఒకసారి సముద్రంలోకి నడిచిపోబోయి పెద్దవల లాగే జాలర్ల కంటబడి బతుకుతాడు. ఆ ఊళ్ళోనే పదహారేళ్ళ జాలరి పిల్ల. ఆమె తండ్రి ఉత్తరాంధ్ర తీరం నుంచి ఏటా వలస వెళ్ళే వేలమంది జాలర్ల మాదిరిగానే గుజరాత్‌లోని వేరావల్ హార్బరుకు మరబోట్ల మీద పనికి వెళ్ళాడు. అక్షరాలు అంతంతమాత్రంగా వచ్చిన ఆ పిల్ల, తల్లి పోరు పెడుతోందని, ఈ కుర్రవాడి చేత తండ్రికి ఇన్లాండు ఉత్తరాలు రాయిస్తుంది. ఆమె చెబుతుంటే అతను రాస్తాడు. జవాబు ఎప్పటికీ రాదు. ప్రేమ అన్న మాట సినిమాలో ఎక్కడా రాదు. ఆ నీలం ఉత్తరాలు తప్ప వాళ్ళిద్దరి మధ్య ఇంకేమీ జరగదు.

అంతకు ముందు ఆ తీరంలోనే తీసిన ఒక ప్రేమకథను ఊరివాళ్ళు బాగా గుర్తుపెట్టుకున్నారు. అందుకని మేము సామాను దింపుతుంటే "పాటలెన్ని బాబూ? ఎర్రమట్టి దిబ్బల కాడ తీస్తారా?" అని చుట్టూ చేరి అడిగారు. పాటలు లేవని చెబితే నమ్మలేదు.

*

కుర్రవాడు విశాఖపట్నంలో ఒక ట్యుటోరియల్ కాలేజీ ముందు దొరికాడు. ఇప్పటి పిల్లలకు ఆ ట్యుటోరియల్ కాలేజీలు తెలియకపోవచ్చు. పరీక్ష తప్పినవాళ్ళు సెప్టెంబరు పరీక్షకు కట్టి, ఏదో ఒక మేడమీది రేకుల షెడ్డులో, వందమంది మధ్య, తలెత్తకుండా కూర్చునే చోట్లు అవి. నిజంగానే రెండుసార్లు తప్పిన కుర్రవాణ్ణి మాస్టారు ఎంచుకున్నారు.

ఫలితాలు చూసుకునే సన్నివేశం మొదటి వారంలోనే తీశాము. ఆ రోజుల్లో పాసైనవాళ్ళ హాల్ టిక్కెట్ నంబర్లు దినపత్రికలో పేజీల కొద్దీ అచ్చువేసేవారు. నంబరు ఉంటే పాసు, లేకపోతే లేదు, అంతే. తెల్లవారుజామున పేపరు కట్టలు దిగే బస్టాండులో వీధిలైటు కింద గుంపులు గుంపులుగా వంగి వేలు పెట్టి వెతుక్కునే దృశ్యం మా తరం వాళ్ళందరికీ తెలుసు. పై నుంచి కిందకు వేలు జరుపుతూ నంబరు వెతకాలని మాస్టారు చెబితే, కుర్రవాడు కొంచెంసేపు ఊరుకుని, "ముందు మన నంబరు చూడం సార్" అన్నాడు. "పక్క బెంచీవాడిది చూస్తాం. వాడిది ఉంటేనే మనది చూడ్డానికి ధైర్యం వస్తది. వాడిది లేకపోతే పేపరు మడిచేస్తాం."

మాస్టారు రాసుకున్న కాగితం చింపేసి, అతను చెప్పినట్టే తీశారు. వేలు ఒక నంబరు దగ్గర ఆగుతుంది. తరువాత రెండంగుళాలు పక్కకు జరుగుతుంది. మళ్ళీ మొదటి నంబరు దగ్గరికే వెనక్కి వస్తుంది. గోరు చుట్టూ సిరా మరక. ఆ కుర్రవాడు రోజూ రాసుకునే పెన్ను మరక అది, మేము పూసింది కాదు.

*

మా దగ్గర ఉన్నది ముప్ఫై ఐదు ఎమ్మెమ్ నెగటివు, అదీ మొత్తం కలిపి 30,000 అడుగులు. పెద్ద సినిమాల షూటింగుల్లో మిగిలిపోయిన బిట్లను మద్రాసులో అడిగీ కొనీ తెచ్చుకున్నాము. డబ్బా మీద తెల్లపట్టీ అంటించి 180, 240, 110 అని అడుగులు రాసి ఉండేవి. సినిమా పూర్తయితే 10,000 అడుగులుంటుందనుకున్నాము కాబట్టి, ఏ షాటుకైనా మూడు టేకులకు మించి తీసే వీలు లేదు. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది. 110 అడుగుల బిట్టు వేసినప్పుడు నిమిషం దాటితే గుండెలు దడదడలాడేవి. ఎవరైనా డైలాగు మరిచిపోతే, వాళ్ళకు పడే తిట్టు మాకందరికీ తగిలినట్టు ఉండేది.

రాత్రి సత్రంలో అందరూ పడుకున్నాక కెమెరా అసిస్టెంటు నల్లటి గుడ్డసంచిలో చేతులు దూర్చి, కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టెల్లో, అంటే మ్యాగజైన్లలో, ఫిల్ము ఎక్కించేవాడు. సంచికి రెండు చేతుల సందులుంటాయి, మోచేతుల దాకా రబ్బరు బిగుతుగా పట్టుకుంటుంది, లోపలికి వెలుతురు చొరబడదు. అతను కళ్ళు మూసుకుని, చుట్టలు లెక్కపెట్టుకుంటూ, దేవుడి గదిలో కూర్చున్నట్టు కదలకుండా పని చేసేవాడు. సంచిలోంచి పళ్ళచక్రం టిక్కు టిక్కుమనే చప్పుడు, బయట అల విరిగే చప్పుడు. ఆ రెండే వింటూ నేను నిద్రపోయేవాణ్ణి.

పూర్తి 400 అడుగుల చుట్టలు రెండే ఉండేవి. వాటిని ఎవరూ ముట్టుకోకూడదని మాస్టారు ఆంక్ష పెట్టారు.

కెమెరా పాత ఆరీ 2సీ. మంచి కెమెరాయే గాని నడిచేటప్పుడు కుట్టుమిషనుకన్నా పెద్ద మోత. ఆ మోతలో మాటలు రికార్డు చేయడం కుదరదు కనుక, డబ్బింగులో పెదవులు కలపడానికి ఆధారంగా ఉంటుందని ఒక మామూలు క్యాసెట్ టేపురికార్డరులో పైలట్ ట్రాకు పట్టేవాళ్ళము. క్లాపు కొట్టడం, కంటిన్యుటీ పుస్తకం రాయడం, ఆ టేపురికార్డరు మీట నొక్కడం, మూడూ నా పనులే. 60 నిమిషాల క్యాసెట్లు, ఒక్కోవైపు అరగంట.

రోజుకు మూడుసార్లు చిట్టివలస జూట్ మిల్లు కూత వినిపించేది. గోస్తనీ ఒడ్డున ఉన్న ఆ మిల్లు షిఫ్టు మారినప్పుడల్లా ఊదే కూతను బట్టి ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవారు, బడిపిల్లలు పలకలు సర్దేవారు. కుర్రవాడి మేనమామ ఆ మిల్లులో పనిచేస్తాడని కథలో ఉంది. అందుకని ఆ కూత ఎప్పుడు వచ్చినా, షాటు మధ్యలో అయినా, మాస్టారు చెయ్యెత్తి నన్ను రికార్డు చెయ్యమనేవారు. మిల్లు 2009లో మూతపడింది. మొన్న ఆ దారిన వెళితే ఊరు ఏ వేళకు ఏ పని చేయాలో మరిచిపోయినట్టు అనిపించింది.

*

ఆ పిల్లను ఎలా వెతికారో చెప్పాలి. నాటకాలు వేసే అమ్మాయిలను నలుగురిని చూశారు, ఎవరూ నచ్చలేదు. ఒకరోజు చేపలు ఆరబెట్టే చోట కాకులను తోలుతూ ఒక పిల్ల కనిపించింది. కాకిని అదిలించడానికి చెయ్యెత్తి, అది ఎగిరిపోయాక కూడా ఆ చేతిని దించడం మరిచిపోయి సముద్రం వైపు చూస్తూ నిలబడింది. మాస్టారు అక్కడే ఆగిపోయారు. వాళ్ళమ్మను ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. "సినిమాలోన మా పిల్ల ఏటి సెయ్యాల? గెంతాలా?" అని ఆమె అడిగింది. "గెంతక్కర్లేదమ్మా, కూర్చుంటే చాలు" అన్నారు మాస్టారు. షూటింగు ఉన్నన్నాళ్ళూ ఆమె కూతురి పక్కనే, వల అల్లుకుంటూ కూర్చుంది.

ఆ పిల్ల నన్ను "అన్నయ్యా" అని పిలిచేది. టేపురికార్డరు మీద ఎర్రలైటు వెలిగితే దానిలో మనుషులు మేలుకున్నట్టు భయపడేది. తరువాత అదే ఆమెకు ఆట అయిపోయింది. ఖాళీ దొరికితే మీట నొక్కి సముద్రం చప్పుడు పట్టి, వెనక్కి తిప్పి విని, "ఇది మన సముద్రం నాగ నేదు" అనేది.

*

డచ్చివాళ్ళ సమాధుల దగ్గర తీసిన సన్నివేశం గురించి రాయాలనే ఇంత దూరం వచ్చాను.

17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు భీమునిపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. సముద్రానికి కూతవేటు దూరంలో వాళ్ళ శ్మశానం ఉంది. గోపురాల్లా కూచిగా కట్టిన సమాధుల మీద సున్నం రాలి, మొదళ్ళలో పల్లేరు మొలిచి ఉండేది. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చి తిరిగి వెళ్ళలేకపోయిన వాళ్ళ మధ్య కూర్చుని, తిరిగి రాని తండ్రి గురించి ఆ పిల్ల చెప్పాలి. తన తండ్రి ఇక రాడని ఆమెకు ముందే తెలుసు, తెలిసీ ఉత్తరాలు రాయించిందని ఆ కుర్రవాడికి అక్కడే తెలియాలి. మాస్టారు రెండు పేజీల డైలాగు రాశారు. చదివితే మాకందరికీ కళ్ళు చెమర్చాయి. 400 అడుగుల చుట్ట దానికోసమే దాచారు.

మధ్యాహ్నం ఎండ వాలింది. రిఫ్లెక్టరు పట్టుకున్న అబ్బాయి చెమటలు కక్కుతున్నాడు. నేను క్లాపు కొట్టి పక్కకు తప్పుకుని టేపురికార్డరు పక్కన గొంతుక్కూర్చున్నాను. కుర్రవాడు "మీ నాన్న ఎప్పుడొస్తాడు?" అన్నాడు. ఆ పిల్ల మాట్లాడలేదు.

మరిచిపోయిందనుకున్నాను. కంటిన్యుటీ పుస్తకంలోంచి ఆమె మొదటి మాట అందిద్దామని నోరు తెరిచేలోగా మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి అదిమారు. ఆ పిల్ల సమాధి రాతి మీద రాలిన సున్నాన్ని గోటితో గీస్తోంది. ఒక పెంకు ఊడింది. దాన్ని అరచేతిలో వేసుకుని చూసింది. కుర్రవాడు ఆమెను చూడటం మానేసి నేల చూస్తున్నాడు. కెమెరామన్ ఎడమచేతి వేళ్ళు చూపాడు, మూడు వందల అడుగులు మిగిలాయి. తరువాత రెండు వందలు. మాస్టారు కట్ అనలేదు. వంద. ఆ పిల్ల చూపెత్తి సముద్రం వైపు చూసింది, మళ్ళీ దించింది. ఏడవలేదు. యాభై. ప్రొడక్షన్ చూసుకునే ఆయన వెనక నుంచి తల పట్టుకున్నాడు. అలా నాలుగున్నర నిమిషాలు గడిచాక మ్యాగజైనులో ఫిల్ము కొస ఊడి చక్రానికి పటపటా కొట్టుకోవడం మొదలైంది. కెమెరామన్ మోటారు ఆపేశాడు.

ఎవరూ కదలలేదు. అప్పుడా పిల్ల మాట్లాడింది.

"మా అయ్య రాడు. అమ్మకి తెల్దు. నాను సెప్పనేదు."

కుర్రవాడు నటన మరిచిపోయి ఆమె వైపు చూశాడు. మాస్టారు రాసిన రెండు పేజీల్లో ఈ మూడు మాటలూ లేవు. అవి పలికేటప్పటికి ఫిల్ము లేదు. మాస్టారు దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల పక్కనే నేల మీద కూర్చుని, తన ఫ్లాస్కులోని టీ కప్పులో పోసి ఆమెకిచ్చారు. ఇంకో టేకు తీద్దామని కెమెరామన్ అడిగితే వద్దన్నారు. రెండో చుట్టను ఆఖరికి వేరే సన్నివేశానికి వాడాము. ఆ సాయంత్రం నేను ఆ పిల్లను ఆ మాట ఎక్కడిదని అడగబోతే, "అడగకు. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది" అన్నారు.

*

షూటింగు ముగిసి గుమ్మడికాయ కొట్టిన నాలుగు నెలలకు డబ్బింగు. తల్లీకూతుళ్ళను మెయిల్లో మద్రాసు తీసుకువెళ్ళాను. ఒక చిన్న ఫిల్ము ముక్క గుండ్రంగా అతికించి మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, తెర మీద తన పెదవులకు తన మాటే అందించడం ఆ పిల్లకు చాలా కష్టమైంది. ఆమె యాస వద్దు, డబ్బింగు ఆర్టిస్టుతో చెప్పించండని పదిమంది చెప్పారు. మాస్టారు ఒప్పుకోలేదు. సమాధుల దృశ్యంలోని ఆ మూడు మాటలను మాత్రం అసలు డబ్బింగు చేయించలేదు. కెమెరా ఆగిన తరువాత వచ్చిన మాటలు కాబట్టి మొత్తం సినిమాలో మోత లేకుండా పట్టుబడిన గొంతు అదొక్కటే. ఇసుక రాలినట్టు టేపు చప్పుడు వినిపిస్తోందని సౌండ్ ఇంజనీరు గొణిగినా, ఆ క్యాసెట్టులోని గొంతునే, గోస్తనీ సముద్రంలో కలిసే చోట తీసిన ఖాళీ షాటు మీద వేయించారు.

తిరుగు ప్రయాణంలో రైలు రాజమండ్రి వంతెన దాటుతుండగా ఆ పిల్ల తనంతట తనే చెప్పింది. "అది మా పిన్ని మాట అన్నయ్యా. బాబాయి యేరావల్లో బోటు మీద పోయాడు. మా మామ్మకి సెప్పనేదు. ఏడాది పొడుగునా మా పిన్ని అచ్చరాలు నేని కాయితం పట్టుకుని, బాబాయి రాసినాడని మామ్మకి సదివి వినిపించీది." వాళ్ళమ్మ కిటికీలోంచి గోదావరిలోకి పైసలు వేసి దండం పెట్టుకుంటోంది. కూతురి మాట విన్నదో లేదో మా వైపు తిరగలేదు.

*

సినిమా విడుదల కాలేదు. బెజవాడ గాంధీనగరంలో ఒక డిస్ట్రిబ్యూటరు చూసి, ఆ నాలుగు నిమిషాలు కత్తిరించి రెండు పాటలు కలిపితే తీసుకుంటానన్నాడు. మాస్టారు ఆయనకు నమస్కారం పెట్టి బయటికి వచ్చేశారు. ఆ మెట్లు దిగుతూ ఆయన నాతో మాట్లాడిందల్లా భోజనం ఎక్కడ చేద్దామనే.

భీమిలిలో మాత్రం ఒక ఉదయం ఆట వేశాము. టిక్కెట్టు లేదు. జాలరిపేట మొత్తం వచ్చింది. మొదట్లో తెర మీద తెలిసిన తెప్ప కనిపించినా, తెలిసిన మనిషి కనిపించినా గోలగోలగా అరిచారు. సమాధుల దృశ్యం వచ్చేసరికి ఎవరో పసిపిల్లవాడి ఏడుపు తప్ప హాల్లో చప్పుడు లేదు. ఆ మూడు మాటలు వినిపించగానే నేల క్లాసులోంచి ఒక సన్నపాటి ఆమె లేచి బయటికి వెళ్ళింది. ఆట అయ్యాక చూస్తే హాలు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె పిన్ని అని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మాస్టారు వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చున్నారు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. జనమంతా వాళ్ళను తప్పించుకుంటూ మెట్లు దిగారు.

నెగటివు మద్రాసులో ఒక ల్యాబులో ఉండిపోయింది. బాకీ తీర్చి తెచ్చుకునే స్తోమత మాస్టారికి రాలేదు, డిజిటల్ వచ్చాక ఆ ల్యాబే మూతపడింది. పూణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ఒక ప్రింటు వాళ్ళకు అప్పగించాలన్న ఆలోచన మాకెవరికీ సమయానికి రాలేదు. ఇది నన్ను ఈనాటికీ బాధిస్తుంది, ఎందుకంటే ఆ పని చేయవలసినవాణ్ణి నేనే. మాస్టారికి కాగితాల పని చేతకాదని నాకు తెలుసు.

*

ఆ డబ్బాలను మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏడో డబ్బాలో రీలు మధ్యభాగం కొంత నిలిచింది. ఒక జానెడు ముక్కను కిటికీ వెలుతురుకు పట్టి భూతద్దంతో చూస్తే, గులాబీరంగుకు తిరిగిపోయిన ఆ బొమ్మల్లో ఒక అరచెయ్యి, అందులో సున్నం పెంకు. సెకనుకు 24 బొమ్మల చొప్పున, పక్కపక్కన ఉన్న వాటిలో ఏ తేడా కనిపించదు. కదిలితేనే తెలిసే తేడా అది.

అడుగు డబ్బా కింద, గుడ్డ చుట్టి, ఒక క్యాసెట్టు ఉంది. దాని మీద నా చేతిరాత. పెన్సిలు దూర్చి వదులైన టేపును బిగించి, మా అల్లుడు ఎక్కడో వెతికి తెచ్చిన ప్లేయరులో పెట్టాము. మొదట బుస. తరువాత ఇరవయ్యేళ్ళ నా గొంతు, గట్టిగా, సన్నివేశం నంబరూ టేకు నంబరూ చెబుతుంది. క్లాపు. కుర్రవాడి ప్రశ్న. ఆ తరువాత కెమెరా మోత, ఒక్కటే మోత, నాలుగున్నర నిమిషాలు. దాని వెనక దూరంగా, చాలా దూరంగా, మిల్లు కూత. అది ఆ వేళ వచ్చిందని నాకు గుర్తే లేదు. ఫిల్ము కొస పటపటా కొట్టుకుంటుంది. మోటారు ఆగుతుంది. ఒక్కసారిగా సముద్రం దగ్గరికి వచ్చినట్టవుతుంది. ఆ పిల్ల మూడు మాటలూ చెబుతుంది. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు, టీ పోసిన చప్పుడు. ఆ తరువాత ఎంతోసేపటికి, ఎప్పుడో ఆగిపోయిన కెమెరాకు, మాస్టారు మెల్లగా "కట్" అంటారు.